సీసపు గీత

ఐదో గద్ద ఇంకా చావలేదు.

లీల కంచె పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాని రెక్కను మెల్లగా ఎత్తింది. పక్షి పెనుగులాడలేదు. తల ఒక పక్కకి వాలిపోయింది. కాలి గోళ్లు పిడికిళ్లలా బిగుసుకుపోయాయి. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటే వెడ్జ్‌టెయిల్ గద్ద, తడిసిన గోనెసంచిలా గడ్డిలో పడి ఉంది.

టైము పొద్దున్న ఏడూ నలభై.

“ఈసారి ప్రాణంతో దొరికిందన్నమాట,” వెనకనుంచి వినపడింది. “మంచిది. జడ్జిగారికి చూపించొచ్చు.”

సార్జెంట్ డీన్ కార్వర్. యాస్ అనే ఊరి చుట్టుపక్కల పల్లెటూళ్లలో గొర్రెల దొంగతనం దగ్గర్నుంచి దొంగ తుపాకుల దాకా ఇరవై ఏళ్లుగా ఆయనవే కేసులు. లీల వన్యప్రాణి నేరాల విభాగం తరఫున వచ్చిన ఇన్వెస్టిగేటర్. నరసరావుపేటలో పుట్టి, గన్నవరంలో పశువైద్యం చదివి, పదిహేనేళ్ల కిందట ఆస్ట్రేలియాకి వచ్చింది. ఇద్దరికీ కేసు ఒకటే. అందుకే ఒకరంటే ఒకరికి పడదు.

క్యాన్‌బెర్రాకి గంట దూరంలో ఉన్న ఈ మేకల ఫారంలో గత ఐదు వారాల్లో నాలుగు గద్దలు చచ్చి పడ్డాయి. చట్టం కాపాడే పక్షులు. ఫారం యజమాని సత్యనారాయణమూర్తి, అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ సర్వేయరు. మేకపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయన్న కసితో ఆయనే మాంసంలో విషం కలిపి పెట్టాడని డీన్ వాదం.

“షెడ్డులో ఏం దొరికిందో చూస్తావా?” అన్నాడు డీన్.

షెడ్డు వెనక అరలో ఒక పురుగుమందు డబ్బా. ఎప్పుడో నిషేధించిన రకం. డీన్ దాన్ని చూపించిన తీరు, పెళ్లిలో పెట్టె తెరిచి నగలు చూపించినట్టుంది.

లీల డబ్బాని ముట్టుకోలేదు. టార్చి వేసి చుట్టూ చూసింది. అడుగున దుమ్ములో గుండ్రటి గుర్తు. మూత అంచు చుట్టూ తుప్పు ఒకే ముక్కగా పేరుకుపోయి ఉంది.

“ఈ మూత ఎన్నేళ్లుగానో తీయలేదు సార్జెంట్. తీసుంటే తుప్పు పగిలేది. ఆయన ఈ స్థలం కొని ఆరేళ్లయింది. ఇది పాత యజమానిది.”

“ఇంకో డబ్బా ఉండుంటుంది.”

“అయితే అది వెతకండి.”

ఆమె మళ్లీ పక్షి దగ్గరికి వెళ్లి రొమ్ము మీద చేయి వేసింది. ఈకల కింద ఎముక కత్తి అంచులా తగిలింది. కండ లేదు.

“విషం తిన్న పక్షి కడుపు నిండా తిని, పుష్టిగా ఉండగానే చస్తుంది. ఇది రెండు మూడు వారాలుగా మాడింది. తిండి అరగలేదు. ఎగరలేక నడిచి నడిచి ఇక్కడ పడింది.”

బండిలోంచి అరచేతిలో పట్టేంత యంత్రం తెచ్చింది. చిన్నపిల్లల రక్తంలో సీసం చూడటానికి క్లినిక్కుల్లో వాడేది. పక్షి రెక్క కింది నరంలోంచి ఒక్క చుక్క తీసి పెట్టింది. ఫలితానికి మూడు నిమిషాలు పట్టింది.

తెర మీద అంకె రాలేదు. ‘హై’ అని వచ్చింది. యంత్రం కొలవగలిగిన హద్దు దాటిపోయిందని దానర్థం.

“సీసం,” అంది లీల. “విషపు ఎర కాదు.”

డీన్ తెరకేసి చూసి భుజాలెగరేశాడు. “ఒక్క పక్షిలో సీసం ఉంటే నాలుగు పక్షుల హత్య మాఫీ అవుతుందా? ల్యాబ్ రిపోర్టు శుక్రవారం వస్తుంది. అంతదాకా ఆగమని పైవాళ్లు నాకు చెప్పరు. రెండింటికి ముసలాయన్ని స్టేషనుకి తీసుకెళ్తున్నా.”

“ఏ ఆధారంతో?”

“ఆయన రాసిన మెసేజ్‌తో.” డీన్ ఆమె కళ్లలోకి చూశాడు. “దాన్ని ఇంగ్లీషులో పెట్టిచ్చింది నువ్వే కదా?”

లీల యంత్రాన్ని సంచిలో పెట్టేసింది.

పదమూడు రోజుల కిందటి మాట. క్యాన్‌బెర్రా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మూర్తి పెట్టిన రెండు వాక్యాలు ఎవరో పోలీసులకి పంపారు. ‘గద్ద మళ్లీ పిల్లని ఎత్తుకుపోయింది. వీటి సంగతి చూడాలి.’ లీల ఒక మీటింగుకీ ఇంకో మీటింగుకీ మధ్య, లిఫ్టు దగ్గర నిలబడి, ఐదు నిమిషాల్లో దాన్ని ఇంగ్లీషు చేసి పంపేసింది. ‘వీటిని అంతం చేయాలి’ అన్న అర్థం వచ్చేలా. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని అప్పుడే తెలుసు. రాయలేదు. మర్నాడు వారంటు. ఆ మర్నాడు టీవీలో మూర్తి ఇల్లు.

మూర్తి ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన తాగని కాఫీ. లీల ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అంకుల్, ఒక్క ప్రశ్న. గద్దల సంగతి చూడాలని రాశారు. ఏం చూద్దామనుకున్నారు?”

“కుక్కని తెద్దామనుకున్నానమ్మా.” కోనసీమ యాస ఇన్నేళ్లయినా పోలేదు. “మేకల్ని కాసే తెల్ల కుక్కలుంటాయి కదండీ, బొచ్చువి. అవి మందలో తిరుగుతుంటే గద్ద కిందికి దిగదంట. గౌల్బర్న్‌లో ఒకాయన్తో మాట్లాడాను కూడాను. ఇంతలోకే ఈ గొడవ.”

“పోలీసులకి ఈ మాట చెప్పలేదా?”

“ఎవరడిగారు? ‘ఇది మీరు రాసిందేనా’ అన్నారు. నేనే రాశానన్నాను. అంతే.”

“ఆ మెసేజ్ ఇంగ్లీషు చేసింది నేనే అంకుల్.”

“తెలుసమ్మా.” ఆయన కాఫీ గ్లాసు ఇటు జరిపి అటు పెట్టాడు. “కాయితం కింద నీ పేరుంది. తెలుగుపేరే, ఈ పిల్లకి అర్థమయ్యుంటుందిలే అనుకున్నాను.”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది లీలకి. సారీ అనే మాట నోటిదాకా వచ్చి, మరీ చిన్నదిగా తోచి ఆగిపోయింది.

“ఈ పక్షులు మీ పొలంలో కాకుండా ఇంకెక్కడ దిగుతాయి?”

“ఆ గట్టవతల.” కంచెకి అటువైపు రిజర్వు అడవిని చూపించాడు. “ఆదివారం పొద్దున్నయ్యేసరికి కాకులు, గద్దలు ఒకటే తిరగడం. జింకలు మరీ పెరిగిపోయాయని శనివారాల్లో సర్కారువాళ్లే కొట్టిస్తారుగా అక్కడ. వదిలేసిన కళేబరాల మీద పడతాయి. నా మేకపిల్ల ఏపాటిదమ్మా, అక్కడ వాటికి విస్తరి వేసుంటే.”

తొమ్మిదీ ఇరవైకి లీల గట్టు దిగింది. డీన్ కూడా వచ్చాడు. ఆమె ఒక్కతీ వెళ్లి ఏదైనా కనిపెడితే తను చూడలేదని బాధపడే మనిషి.

కాకుల గోల ముందు వినిపించింది. వీళ్లని చూసి ఒక గద్ద బరువుగా లేచి చెట్టు మీద వాలింది. కింద మూడు రోజుల నాటి ఆడజింక. తొడలు, భుజాలు కత్తితో కోసి తీసుకెళ్లారు. కీలు దగ్గర ఒక్క గాటు కూడా తప్పు పడలేదు. కబేళాలో పనిచేసిన చేయి. మిగిలిన ఛాతీని పక్షులు పొడిచి తిన్నాయి.

లీల చేతితొడుగులు వేసుకుని, గుండు దూసుకుపోయిన దారి చుట్టూ మాంసం ముక్కలు కోసింది. స్టీలు గిన్నెలో నీళ్లు పోసి పిసికి కడిగింది. మాంసం తీసేసి గిన్నెని వంచితే అడుగున బూడిదరంగు రేణువులు. గసగసాలంతవి కొన్ని, బియ్యపు నూకంతవి కొన్ని.

“ఎముక ముక్కలు,” అన్నాడు డీన్.

లీల ఒక రేణువుని కత్తి మొనతో తీసి రాయి మీద పెట్టి నొక్కింది. విరగలేదు. మెత్తగా, పలచగా అణిగిపోయింది. దాన్ని వేలికొసన పట్టుకుని నోటుపుస్తకం తెల్లకాగితం మీద లాగింది. పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీత పడింది.

“ఎముక గీత గీయదు. రాగి గీయదు. సీసం గీస్తుంది.”

డీన్ వంగి ఆ గీతని చాలాసేపు చూశాడు. “ఈ రిజర్వులో సీసం గుళ్లు వాడకూడదు. పర్మిట్‌లోనే రాసుంది. రాగి మాత్రమే.”

“అవును. రాగి గుండు ముక్కలవకుండా ఒంట్లోంచి దూసుకుపోతుంది. సీసం లోపలే పగిలి దుమ్మవుతుంది. ఆ దుమ్ము తిన్న గద్ద వెంటనే చావదు. వారాల తరబడి చస్తుంది.”

“నీ గీత బాగుంది,” అన్నాడు డీన్ లేస్తూ. “కాని జింకని సీసంతో కొట్టారని చెబుతుందే తప్ప, ముసలాయన విషం పెట్టలేదని చెప్పదు. రెండింటిదాకా టైముంది నీకు. మనిషిని తీసుకురా.”

మనిషి పేరు పదకొండింటికల్లా తెలిసింది. రిజర్వు ఆఫీసుకి ఫోను చేస్తే వాళ్లు రిజిస్టరు చూసి చదివారు. పదకొండు శనివారాలు, అరవై రెండు జింకలు, కాల్చింది ఒక్కడే కాంట్రాక్టరు. గుళ్ల రకం అన్న గడిలో ప్రతి వరుసలోనూ ఒకటే మాట, రాగి. కాంట్రాక్టరు పేరు సాయితేజ. ఉండేది క్యాన్‌బెర్రాలో, హారిసన్ వైపు. జింకల లెక్క గురించి మాట్లాడాలని లీల అతనికి ఫోను చేసి రమ్మంది.

పన్నెండూ పదికి తెల్లటి పికప్ బండి, ఇక్కడివాళ్ల మాటలో యూట్, ఫారం గేటు దాటి వచ్చి ఆగింది. దిగినవాడికి ముప్ఫై రెండు, ముప్ఫై మూడు ఉంటాయి. బూట్లకి మట్టి, మొహం మీద నవ్వు. వసారాలో మూర్తి కనబడగానే ఆ నవ్వు పోయింది. నమస్తే అనబోయి, చేయి సగంలోనే దించేసి నేలకేసి చూశాడు.

లీల దాన్ని గమనించింది. అతన్ని యూట్ పక్కకి తీసుకెళ్లింది.

“పోయిన శనివారం ఎన్ని కొట్టావు?”

“ఆరు మేడం.”

“ఏ గుండుతో?”

“కాపర్. బుక్కుల రాసిన గదా.”

“రాసింది చదివాను. కాల్చింది అడుగుతున్నా.”

“అదే మేడం, కాపరే.”

లీల నోటుపుస్తకం తెరిచి యూట్ బానెట్ మీద పెట్టింది. “ఈ గీత గట్టవతల జింక ఛాతీలోంచి తీసిన ముక్కతో గీసింది. నీకు తుపాకి పని తెలుసు. రాగి ఇలా గీస్తుందా?”

అతను కాగితాన్ని ముట్టుకోలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

“కోయడం ఎక్కడ నేర్చుకున్నావు?”

“ఈడ పర్మనెంటుగ ఉండేటందుకు, పీఆర్ కోసం, నాలుగేండ్లు కబేళాల పని చేసిన. పేరు కూడ ఎవ్వరికి తెల్వని ఊరు. గన్ను పట్టుడు కూడ ఆడనే నేర్చుకున్న. ఓ ముసలి ఫార్మరు నేర్పిండు.”

“ఎన్ని వారాల నుంచి సీసం?”

అతను బూటు మొనతో మట్టిని గీకాడు.

“తొమ్మిది.” ఇంకో మాట కోసం వెతుక్కున్నాడు. “మొదట కాపరే కొట్టిన అక్కా, ఒట్టు. నా రైఫిల్‌కి అది కుదురుతలేదు. జానెడు అటో ఇటో పోతాంది. రెండో శనివారం ఒక ఆడజింకకి పొట్టల తాకింది. పిల్ల దాని ఎనకాలనే ఉరుకుతాంది. రెండు గంటలు ఎంబడి పడ్డ. దొరికేసరికి పేగులు బయటికొచ్చినయ్, ఇంక బతికే ఉంది. పిల్ల పక్కన నిలబడి నన్నే చూస్తాంది.” మొహం పక్కకి తిప్పుకున్నాడు. “మూడోవారం పాత డబ్బా తీసిన. సీసం తాకితే అక్కడికక్కడే పడ్తది. జీవాన్ని ఏడిపియ్యొద్దనుకున్న. గంతే.”

“అది రిజిస్టర్లో రాయొచ్చుగా?”

“రాస్తే పని ఆపుతరు. ఇంకో రైఫిల్ తెచ్చి, మల్ల టెస్టు పాసై... సీజన్ అయిపోతది. కాపర్ అని ఒక్క మాట. ఏం పోతదనుకున్న.”

“గద్దలు చస్తున్నాయని ఎప్పుడు తెలిసింది?”

“రెండోది చచ్చినప్పుడు. నెల అయింది. ఫోన్ల చదివిన, ఇట్ల గుండు పలిగి మాంసంల కలుస్తదని, పక్షులు తింటయని. తర్వాత కళేబరాలు పాతిపెట్టాలనుకున్న. రెండు పాతిన. మిగతావి... నాతోని కాలే.”

“మూర్తిగారిని టీవీలో చూపించింది చూశావా?”

అతను కిందికి చూస్తూనే తలూపాడు.

“పదకొండు రోజులైంది సాయితేజా.”

“నాకెరుకనే అక్కా. లెక్క నాక్కూడ ఎరుకనే.” యూట్ తలుపుకి ఆనుకున్నాడు. “నేను స్టూడెంట్‌గ ఉన్నప్పుడు పండుగకి ఆయనింట్లనే అన్నం తిన్న. ఆయన భార్య, సుగుణ ఆంటీ, నాకు దుప్పటి ఇచ్చింది. ఆమె పోయినప్పుడు నేనే పాడె పట్టిన. రోజు ఫోన్ తీస్త, పోలీసులకి చేద్దామని. మల్ల పెడ్త. రేపు చేస్త అనుకుంట. గట్ల పదకొండు రోజులు.”

లీలకి అతన్ని తిట్టాలనిపించింది. తిట్టలేకపోయింది. లిఫ్టు దగ్గర నిలబడి తను పంపిన ఐదు నిమిషాల మెసేజ్ కూడా ‘ఏం పోతుంది’ అనుకున్న మాటే. ఇద్దరి మధ్యా ఆ ముసలాయన ఒక్కడూ నలిగాడు.

ఒంటిగంటా పదికి డీన్ వచ్చాడు. లీల జరిగింది చెప్పింది. సాయితేజ ఇంగ్లీషులో మళ్లీ మొదట్నుంచి చెప్పాడు, ఈసారి తడబడకుండా. యూట్ సీటు వెనకనుంచి సగం ఖాళీ అయిన గుళ్ల డబ్బా తీసి తనే ఇచ్చాడు.

డీన్ ఒక గుండుని వెలుతురులో పట్టుకుని చూశాడు. పైన రాగి తొడుగు, మొనలో బూడిదరంగు. తర్వాత టోపీ తీసి వసారాకేసి నడిచాడు. మూర్తి ముందు నిలబడి ఏదో చెప్పాడు. మూర్తి తల ఊపాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో డీన్ ఎవరికీ అలా టోపీ తీసి ఉండడని లీలకి తోచింది. ఇంతదాకా ఆయన్ని ఇంకోలా అనుకున్నందుకు అదొక చిన్న సిగ్గు.

ఇక మిగిలింది స్టేట్‌మెంటు పూర్తిచేయడం. లీల పెన్ను తీసింది. అన్నీ రాసేసి, ఖాళీగా ఉన్న ఆఖరి వరుస కోసం మామూలుగా అడిగింది.

“కోసిన తొడలు, భుజాలు ఏం చేసేవాడివి?”

“ఇంటికే తీస్కపోయిన. అంత మంచి మాంసం పారేస్తే పాపం గదా. స్పందనకి, అంటే మా ఇంటామెకి, ఇప్పుడు ఏడో నెల. రక్తంల ఐరన్ తక్కువుంది, ఎర్ర మాంసం బాగ తినమన్నరు డాక్టరు. భుజాలు నేనే కీమా కొట్టి...”

లీల పెన్ను ఆగిపోయింది.

సాయితేజ మాట కూడా ఆగిపోయింది. తన నోటినుంచి వచ్చిన మాటలు అతను అప్పుడే విన్నాడు.

“గాయం చుట్టూ కోసి తీసేసిన అక్కా,” అన్నాడు తొందరగా. “నాలుగేండ్లు అదే పని చేసిన, నాకెరుక. ఎర్రగ కమిలినదంత తీసేసిన.”

“ఎంత మేర?”

అరచెయ్యి చూపించాడు.

“రేణువులు మూరెడు దూరం పోతాయి. కంటికి కనపడనివి ఎక్కువ.” లీల తన గొంతు తనకే ఎక్కడినుంచో వినపడుతున్నట్టు చెప్పింది. “ఒంట్లో ఐరన్ తక్కువున్నప్పుడు సీసాన్ని ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. కడుపులో బిడ్డకి కూడా చేరుతుంది. ఎన్నిసార్లు పెట్టావు?”

అతను లెక్కపెట్టలేదు. ఫోను తీసి స్పీకరు పెట్టాడు.

“ఏంది, పొద్దటిసంది ఫోన్ ఎత్తవు?” అంది స్పందన అవతలనుంచి.

“స్పందూ, కీమా... ఫ్రిజ్‌ల ఉన్న కీమా తినకు. తీసి బయట పెట్టు. ముట్టకు.”

“ఏమైంది? ఖరాబైందా? పొద్దున తిన్న గద, మంచిగనే ఉండె.”

లీల అందుకుంది. “స్పందనా, నా పేరు లీల. కంగారుపడకండి. ఇప్పుడే మీ డాక్టరుకి ఫోను చేసి రక్తంలో సీసం ఎంతుందో చూడమని అడగాలి. ఇవాళే. నేను కూడా వాళ్లతో మాట్లాడతాను. ఆ మాంసం మీరు కాక ఇంకెవరైనా తిన్నారా?”

స్పందన గొంతు సన్నబడింది.

“మా కడుపుతోని ఉన్నోళ్ల యాంటీనేటల్ క్లాసుల నలుగురు మనోళ్లున్నరు అక్కా. అందరికి ఐరన్ తక్కువనే. పాపం అని నేనే డబ్బాలల్ల పెట్టి ఇస్తున్న. ఆరు వారాలైతాంది. శ్రీలేఖక్క పదకొండింటికే వచ్చి ఇవ్వాల్టిది తీస్కపోయింది.”

సాయితేజ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. డీన్ సంకెళ్లు తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. భాష రాకపోయినా ఆ మొహం చూస్తే చాలు.

“పేర్లు, నంబర్లు పంపండి,” అంది లీల ఫోన్లో. “ఒక్కొక్కరికీ నేను చేస్తాను.”

“వద్దక్కా.” సాయితేజ నిటారుగా నిలబడ్డాడు. “నేను జేస్త. ఈ ఒక్కటన్న నా నోటితో చెప్పనీ.”

మొదటి నంబరు శ్రీలేఖది. రెండో రింగుకే ఎత్తింది. వెనకనుంచి చిన్నపిల్ల కేరింతలు.

“తేజా! ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నాం. కీమా అదిరిపోయింది. నేను తిని, మా పింకీకి కూడా అన్నంలో కలిపి పెట్టేశాను. రెండేళ్లది, ఏదీ తినదు కదా, దీనికి మాత్రం నోరు తెరుస్తుంది. ఏంటి, చెప్పు?”

సాయితేజ పెదాలు కదిలాయి. లీల అతని మోచెయ్యి పట్టుకుంది.

“హలో? తేజా? ఏమైంది?”

“అక్కా,” అన్నాడు. “అందుల సీసం ఉంది. కలిపింది నేనే.”